గ్రూప్ ఫోటోలో లేని ఇస్హాఖ్ భాయ్

పదహారేళ్లుగా బహ్రెయిన్‌లో మా సంఘం బతుకమ్మకు, ఉగాదికి గ్రూప్ ఫోటో తీసింది ఇస్హాఖ్ భాయే. ఒక్క దాంట్లోనూ ఆయన లేడు. మొదటి ఏడాది కెమెరాను స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, పరుగున వచ్చి చివర నిలబడ్డాడు. మా సంఘం లచ్చన్న వెనక్కి తిరిగి, "నువ్వుంటే ఫోటో అంత చీకటైతది భాయ్. నువ్వు తియ్యి, చాలు" అన్నాడు. అందరం నవ్వాం. ఆయనా నవ్వి కెమెరా వెనక్కి నడిచాడు. మళ్లీ ఎన్నడూ ముందుకు రాలేదు.

ఇస్హాఖ్‌ది హైదరాబాదు ఏసీ గార్డ్స్. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే గుర్రపు దళం వల్ల ఆ పేటకు ఆ పేరొచ్చింది. ఆయన ముత్తాత ఆ దళంలో సవారు. నాలుగు తరాలుగా హైదరాబాదులోనే పుట్టినా జనం నోట ఆ ఇంటివాళ్లు హబ్షీలే, అంటే ఆఫ్రికావాళ్లే.

ఆయన పని మనామాలో ఒక స్టూడియోలో. పనంటే ముఖ్యంగా మా మొహాలు తెల్లగా చేయడం. ఎండలో సెంట్రింగ్ కొట్టి కమిలిన వాళ్లం, శుక్రవారం స్నానం చేసి, స్టూడియోలో వేలాడే కోటు తొడుక్కుని, సంబంధం వాళ్లకు పంపే ఫోటో దిగేవాళ్లం. "కొంచెం తెలుపు పెంచు భాయ్" అనేవాళ్లం.

"ఇంక పెంచితే మీ అవ్వ గూడ గుర్తువట్టది" అంటూనే పెంచేవాడు. నా పెళ్లి ఫోటో కూడా ఆయన చేతి తెలుపే.

సల్మానియాలో ఆస్పత్రి క్లీనింగ్ పని చేసే అజ్రా, నిజామాబాదు అమ్మాయి, ఐడీ కార్డు ఫోటోకు వచ్చింది. ఇస్హాఖ్ అలవాటుగా తెలుపు పెంచబోతే ఆపింది.

"నేనడిగిన్నా?"

"అందరు అడుగుతరు గదా అని..."

"గేటు కాడ ఇది నువ్వు గాదని ఆపితే, నా డ్యూటీ నువ్వు చేస్తవా?"

ఆ మాట ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పాడో. రెండేళ్లు బస్‌స్టాపులో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నారు. అజ్రాకు తండ్రి లేడు. పెళ్లి మాట ఎత్తితే ఊళ్లో ఉన్న అన్న ఫహద్, వరుడి ఫోటో పంపమన్నాడు.

ఆ మధ్యాహ్నం నేను స్టూడియోలోనే ఉన్నాను. ఇస్హాఖ్ తన ఫోటో తెరిచి తెలుపు పెంచాడు. ఉంగరాల జుట్టు ఆయనదే, కింద మొహం ఎవరిదో.

"ఇది పంపితే ఒప్పుకుంటరు" అన్నాను.

"నిఖాకు ఎవరు పోవాలె? ఈయనా?" అని స్క్రీను వైపు చూపించి, చెరిపేసి, ఉన్న రంగుతోనే పంపాడు.

"హబ్షీకి పిల్లనియ్యం" అని ఫహద్ జవాబు.

అజ్రా ఏడవలేదు. ప్రతి ఈద్‌కు ముబారక్ చెబుతూ అన్నకు అదే ఫోటో పంపేది. మూడో ఈద్‌కు ఫహద్ మెత్తబడలేదు గానీ విసిగిపోయాడు. "మీ ఇష్టం. నేను మాత్రం రాను" అన్నాడు. నిఖాకు రాలేదు కూడా.

సొంత స్టూడియో ఇస్హాఖ్ కల. వీసా ఇచ్చిన కఫీల్ ఒప్పుకున్నాక బుసైతీన్‌లో చిన్న గది తీసుకున్నాడు. అక్కడ మాత్రం ఎవరి రంగూ మార్చనన్నాడు. మేం ఒక్కొక్కరమే వేరే షాపులకు జారుకున్నాం. రెండేళ్లకు షట్టర్ దించి, మనామాలోని పాత స్టూడియో సేఠ్ దగ్గర పాత కుర్చీలోనే కూర్చున్నాడు. దాన్ని మూయించింది మీరే అని ఈనాటికీ ఒక్క మాట అనలేదు.

వచ్చే నెల ఆ కుటుంబం ఇక్కడి కొలువు ఖలాస్ చేసుకుని హైదరాబాదు వెళ్లిపోతోంది. మొన్న వాళ్ల బిడ్డ లైబా అడిగింది: "అంకుల్, ఇక్కడ అందరితోని అబ్బా దిగిన ఫోటో ఒకటియ్యరా?" ఆల్బమ్‌లన్నీ తిరగేశాను. పాత మిత్రులంతా ఉన్నారు, నల్లటి మీసాలతో, అరువు కోట్లతో. ఆయన లేడు.

అందుకే మిత్రులారా, ఈ శుక్రవారం సాయంత్రం నాలుగింటికి సంఘం హాలుకు రండి. ఏ ఫోటోలోనైనా, ఏ మూలనైనా ఆయన పడి ఉంటే తెచ్చి లైబాకు ఇవ్వండి. రంగు ముట్టుకోకండి. మన వాట్సాప్ గ్రూపులో "తెల్లని పిల్ల కావలెను" అని పెట్టినవాళ్లు అది తీసేసి రండి. గ్రూప్ ఫోటోలో ముందు వరుస నడుమ మూడు కుర్చీలు వదలండి.

కెమెరా లచ్చన్న పట్టుకుంటాడు. "ఆనాడు నోరు జారింది నాదే. నేనే తీస్త" అన్నాడు.