పంపు వాల్వు కోసం మైపాడు దాకా

మనుబోలు హైవే పక్కన నాకు లారీలు కడిగే సర్వీసింగ్ షెడ్డు ఉంది. ఈమధ్య పంపు ప్రెషర్ వాల్వు పాడైతే, పెద్దదైతే ఎక్కువకాలం వస్తుందని నిమిషానికి నలభై లీటర్ల వాల్వు తెచ్చి బిగించాను. నీళ్లు కొట్టే గన్ను మీట వదిలిన ప్రతిసారీ పైపు అదిరిపోయేది, గేజీ ముల్లు ఎగిరెగిరి పడేది. రెండు వారాల్లో పంపు సీళ్లు పోయాయి. అడగాల్సింది మస్తానన్ననే. తొమ్మిదేళ్లు నాతో కలిసి ఆ షెడ్డు నడిపాడు. గేజీ చూడకుండా పంపు మోత విని ప్రెషర్ ఎంతో చెప్పేవాడు. ఆ మోతకే ఆయన చెవులు పోయాయి. రెండేళ్ల కిందట పని మానేసి, వదినతో కలిసి మైపాడులో టీ కొట్టు పెట్టుకున్నాడు. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. మెసేజీ పెట్టి అడగొచ్చు. కానీ నిజం చెప్పాలంటే వాల్వు ఒక సాకు.

ఉదయం ఆరున్నరకు బస్సెక్కితే ఏడున్నరకు నెల్లూరు. అక్కణ్ణుంచి మైపాడుకు షేర్ ఆటో యాభై రూపాయలు, ముప్పావుగంట. వరిచేలు దాటాక రొయ్యల గుంటలు, గాలిలో ఉప్పు.

"బీచ్ కాడికా అన్నా?" అన్నాడు ఆటో డ్రైవరు.

"మస్తాన్ టీ కొట్టుకి."

"ఆయనకి ఇనపడదు. ఎదురుగా నిలబడి చెప్పాల" అన్నాడు. ఆయన్ని అలా గుర్తుపెట్టుకునే ఊరు ఒకటుందని అప్పుడే తెలిసింది నాకు.

"ఏం అబ్బయ్యా, ఇట్టా చిక్కిపోయినావే!" అంటూ మస్తానన్న నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వదిన టీ ఇచ్చింది. సంచిలోంచి వాల్వు తీసి బల్ల మీద పెట్టి, జరిగింది అంకెలతో సహా కాగితం మీద రాశాను. చదివి నవ్వాడు.

"పదిహేను లీటర్ల పంపుకి నలభై లీటర్లదా? పైపుకి మర పడితే చాలనుకున్నావు. ముందు పంపు ఎన్ని నీళ్లు తోస్తాదో చూడాల, తర్వాత ప్రెషర్. మనం కడిగేది నూట ఇరవై బార్‌లో. దానికన్నా కొంచెం పైదాకా ఓర్చుకునేది తీసుకోవాల." వాల్వు తిరిగి నా సంచిలో వేసి, "మళ్లా తప్పుది తెస్తావులే, పద" అని చొక్కా మార్చుకున్నాడు.

పదకొండింటికి నెల్లూరులో పంపు సామాన్ల షాపుకి చేరాం. ఇత్తడిది వద్దని, మన నీళ్లలో ఉప్పుకి ఆగదని, స్టీలుది తీయించాడు. ధర పన్నెండు వందలు ఎక్కువ. అది మొరాయిస్తే కాపాడటానికి విడిగా ఒక సేఫ్టీ వాల్వు కూడా తీసుకోమన్నాడు. గన్ను వదిలినప్పుడు వెనక్కి మళ్లే నీళ్లను తిరిగి పంపులోకి కాక తొట్టిలోకి పంపాలని, లేకపోతే అవే నీళ్లు తిరిగి తిరిగి వేడెక్కి సీళ్లను తినేస్తాయని చెప్పాడు. షాపాయన నన్ను వదిలేసి ఆయన్నే అడగసాగాడు. పెదాలు చూసి జవాబులు చెబుతుంటే అన్న మొహం వెలిగిపోయింది. అంతలో షాపాయన వాల్వు పనితీరు చూపించడానికి పంపు ఆన్ చేశాడు. పాత అలవాటున అన్న చెవి అటు వంచాడు. మరుక్షణం తల తిప్పేసుకుని రోడ్డు వైపు చూశాడు.

భోజనం చేశాక ఆటోల దగ్గర నిలబడి, "వచ్చేయన్నా. పంపు దగ్గర నేనుంటా, నువ్వు చెప్పు చాలు" అని, నోటితో అనలేక, రాసి చూపించాను. చదివి తల అడ్డంగా ఊపాడు.

"పంపు తిరగతా ఉంటే దాని మాట ఇనకుండా పక్కన నిలబడలేను అబ్బయ్యా. టీ అయితే మరిగేది కంటికి కనపడతాది."

కాగితం మడిచి జేబులో పెట్టుకుని మైపాడు ఆటో ఎక్కాడు.

కొత్త వాల్వు బాగుంది. గన్ను తెరిచి, నాబ్ పూర్తిగా వదులు చేసి, కొంచెం కొంచెంగా బిగిస్తూ వెళ్తే ముల్లు నూట ఇరవై దగ్గర కదలకుండా నిలబడింది. "సరిగ్గా ఉండాది, ఇంక ముట్టుకోబాక" అనే గొంతు కోసం వెనక్కి తిరిగాను. రోజూ అలా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు నెలకోసారి మైపాడు వెళ్తున్నాను, ఏ సాకూ లేకుండానే.

మీరూ వాల్వు కొనడానికి బయల్దేరితే ఒక్కమాట: ఆ షాపుల్లోనే చెవులకు పెట్టుకునే మూతలు దొరుకుతాయి. పంపు దగ్గర నిలబడే ప్రతి మనిషికీ ఒక జత కొనండి, వాల్వు కన్నా ముందు.