టెంకాయ పాయింటు, మిషను పాయింటు

కర్నూలు లైబ్రరీలో మనస్తత్వశాస్త్రం బీరువా కిటికీ పక్కన ఉంటుంది. అందులోని తెలుగు పుస్తకాలన్నీ చదివేశాను, కొన్నయితే రెండేసిసార్లు. పది తప్పి జాకెట్లు కుట్టుకునేదాన్ని గనుక ఈ మాట కాస్త గట్టిగానే చెప్పుకుంటాను.

మనిషి తన నమ్మకానికి సరిపడే సాక్ష్యాన్నే ఏరుకుంటాడనీ, సరిపడనిది ఎదురైతే చూసీ చూడనట్టు పోతాడనీ చదివిన రోజు నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ వారమంతా కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరిలోనూ ఆ జబ్బే కనిపించింది. నాలో మాత్రం వెతకలేదు.

అదే ఊపులో ఓర్వకల్లు దగ్గర అక్కావాళ్ల ఊరికి బస్సెక్కాను. బావ మూడో బోరు వేయించబోతున్నాడు. మొదటి రెండూ దుమ్ము లేపి ఊరుకున్నాయి. ఇదీ పోతే చేను అమ్ముకోవాల్సిందే. ఎక్కడ తవ్వాలో పాయింటు పెట్టడానికి ఆదివారం టెంకాయాయన వస్తాడట. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. అది నిటారుగా లేచిన చోట నీళ్లున్నట్టు.

నేను నవ్వాను. నీళ్లు పడిన బోర్ల గురించి పదేళ్లు చెప్పుకుంటారు, పోయినవాటి ఊసెత్తరు, మిషను పెట్టి చూసే సారును పిలవమన్నాను.

"అట్లయితే లెక్క తీసుకురా మరదలా," అన్నాడు బావ. "నువ్వు సెప్పినట్టే ఉంటే మిషను సారునే పిలుస్తా."

రెండు రోజులు ఎండలో ఊరంతా తిరిగాను. ఏ బోరుకు ఎవరు పాయింటు పెట్టారు, నీళ్లు ఎన్నాళ్లు పోసింది అని రాసుకుని, చివర నా తీర్పు వేశాను: పడింది, లేదా పోయింది. మిషను బోర్లు చాలావరకు పడ్డాయి, టెంకాయ బోర్లు చాలావరకు పోయాయి. అరుగు మీద నిలబడి, బహుమతి అందుకుంటున్న దానిలా చదివి వినిపించాను.

వేరుశనగ బుడ్డలు ఒలుస్తున్న అక్క చేతులు దులుపుకుని నోటుబుక్కు తీసుకుంది. రెండు వరుసల మీద వేలు పెట్టింది.

"ఈ టెంకాయ బోరు రెండేండ్లు పోసి ఎండిపాయె. పోయింది అని రాసినావు. ఈ మిషను బోరూ రెండేండ్లే పోసె. దీన్ని పడింది అంటాండావు. యాడ సదివినావు మే ఈ లెక్క?"

చూశాను. నా రాతే. పైగా మిషను బోరు పక్కన 'వానలు లేక ఎండింది, పాపం' అని కూడా రాశాను. టెంకాయ బోరు ఎండిన ఏడాది కూడా వానలు లేవు. అక్కడ పాపం లేదు.

నవ్వు పొంగుకొచ్చింది. అచ్చులో మాత్రమే చూసిన జబ్బు నా నోటుబుక్కులో ప్రాణంతో దొరికింది! కళ్లలోంచి నీళ్లు కారుతుంటే అక్క చెంబు అందించింది. బావ భయపడి ఒకడుగు వెనక్కి వేశాడు.

మందు కూడా పుస్తకంలోనే ఉంది. ముందు నియమం, తర్వాత తీర్పు. నోటుబుక్కు మూసిపెట్టి ముగ్గురం ఒప్పుకున్నాం: మూడు వేసవులు పోస్తేనే పడినట్టు, ఎవరి బోరైనా సరే. నా తీర్పులన్నీ కొట్టేసి అక్క కొత్తగా వేసింది. మిషనూ టెంకాయా దాదాపు సమానంగా తేలాయి. రెండింటిలోనూ పోయినవే ఎక్కువ.

బావ ఆ పేజీలు రెండుసార్లు తిరగేశాడు.

"ఇద్దురికీ తెలీదు," అన్నాడు. "ఈయేడు బోరు మానుకుందాం. వాన నీళ్లకు కుంట తవ్విచ్చి కొర్రలు ఇత్తుదాం."

అక్క లోపలికి పోయింది. కాసేపటికి వంటింట్లోంచి కూనిరాగం వినిపించింది. అప్పుడు తట్టింది నాకు: ఆమెకు మొదటినుంచీ బోరే వద్దు. నా లెక్కలోని తప్పు ఆమె కంటికి అంత సులువుగా ఆనిందంటే అందుకేనేమో.

ఈ హడావుడిలో టెంకాయాయనకు రావద్దని చెప్పడం మరిచిపోయాం. ఆదివారం పొద్దున్నే వచ్చాడు. సంగతి విని ఏమీ అనుకోలేదు, అన్నానికి కూర్చున్నాడు. నీళ్లు ఎగజిమ్మిన బోర్ల కథలు వరుసగా చెప్పాడు. పోయినవాటి గురించి అడిగాను. ముద్ద చేతిలోనే పెట్టుకుని నిజంగానే ఆలోచించాడు.

"అవి యాదికి రావు పాపా," అన్నాడు.

"నాకూ అంతేప్పా," అన్నాను.

అక్క ఆయన టెంకాయ అడిగి తీసుకుని, కొట్టి, పచ్చడి నూరింది.