చిలికా ఒడ్డున పలుపు పడ్డ గేదెలు

చిలికా సరస్సులో గేదెలు పొద్దు వాలగానే వాటంతట అవే నీళ్లలోకి వెళ్లి, రాత్రంతా ఉప్పుగడ్డి మేసి, తెల్లారేసరికి ఇంటికొస్తాయని ఎవరో రాసింది చదివి బయల్దేరాను. చిన్నప్పుడు బరంపురం అంకులిలో మా ఇంటికి ఆ గేదెల పెరుగు వెదురుబుట్టలో వచ్చేది. బుట్ట వంచినా జారేది కాదు. అయినా చదివినవన్నీ నమ్మడం నాకు ముందునుంచీ ఉన్న జబ్బే.

బరంపురంలో మధ్యాహ్నం పాసింజరెక్కి ఖల్లికోటలో దిగాను. స్టేషను బయట ఆటో రానూపోనూ ఐదొందలకు కుదిరింది. డ్రైవరు శిబు ఒడియావాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. "గేదెల్ని చూపించే పూచీ నాది మేడమ్" అని ఒడ్డున ఒక తెలుగు గొల్లల ఇంటి ముందు ఆపాడు. అక్కడ పది పన్నెండు గేదెలు గుంజలకు కట్టేసి ఉన్నాయి, కొన్న ఎండుగడ్డి నములుతున్నాయి. దీనికా ఇంతదూరం వచ్చిందని ఒళ్లు మండింది.

ఇంటాయన కామయ్య, ఆయన భార్య లచ్చమ్మ, ఇద్దరూ వయసు పైబడినవాళ్లు. ఎందుకు కట్టేశారని అడిగితే కామయ్య నీళ్లవైపు చెయ్యి చూపించాడు. "గాలివాన ఎనక గాలివాన. మోకాల్లోతు కాడ ఇప్పుడు మనిసి ములిగిపోతాడు. ఉప్పెక్కువై గడ్డీ సచ్చిపోనాది. ఎల్లినవి తిరిగొస్తాయని నమ్మకం నేదమ్మా."

కట్టేయడంలో అంత బాధేముందో లచ్చమ్మ చెబితేగాని తెలియలేదు. వాళ్లలో గేదెకు పలుపు వేసేది అమ్మిన రోజొక్కటే. ఆ రోజు ఇంటి ఆడది గేదె కాళ్లు పసుపునీళ్లతో కడిగి, మెడ పట్టుకుని ఏడ్చి సాగనంపాలి. "కట్టిన మొదటి దినం నాను అలవాటుకొద్దీ బిందెడు పసుపునీళ్లు కలిపీసినాను. అన్నిటి కాళ్లూ కడిగీసి ఏడిసినాను. ఎవులూ కొననేదు, ఏటీ నేదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పొద్దు వాలింది. గేదెలన్నీ లేచి నీళ్లవైపు తిరిగి నిలబడ్డాయి. మందను నడిపించే ముత్యాలు అనే గేదె పలుపు తెగేలా గుంజుతోంది. శిబుకు నా ఐదొందలు గుర్తొచ్చాయి కాబోలు, కామయ్యను బాబాయ్ వరసలో పిలుస్తూ "మౌసా, ఒకసారి విప్పు. మేడమ్ ఫొటో తీసుకుంటారు" అన్నాడు. ఇంటికొచ్చినవాళ్ల ముచ్చట కాదనలేక కామయ్య లేచి ముడిమీద చెయ్యి వేశాడు.

లచ్చమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "దీని తల్లినీ ఇలాగే ఎవులో ఫొటోకని అడిగితే ఇప్పినావు. ఆలకి ఫొటో మిగిలింది, మనకి పలుపు మిగిలింది."

నేను ఫోను సంచిలో పెట్టేశాను. కామయ్య ముడి బిగించాడు. గడ్డి కొని మేపలేక ముత్యాల్ని కొడల ఊళ్లో వచ్చే సంతలో అమ్మేస్తున్నారట. ఆటో ఎక్కబోతూ, మరి ఆ రోజు కాళ్లు కడుగుతారా అని అడిగాను. "ఏటి కడగడం? ఏడుపు అప్పుడే అయిపోనాది కదమ్మా" అంది లచ్చమ్మ.

రైల్లో ఆ మాటే తొలిచేసింది. వాతావరణం మారుతోందని టీవీలో వింటాం, పోయిన పంటలూ ఇళ్లూ లెక్కవేస్తాం. ఒక ఇంట్లో ఏడుపు వేళ తప్పి ముందే వచ్చిపోయిందని ఎవరు లెక్కవేస్తారు? నాకు కోపంగా ఉంది, ఎవరిమీదని అడిగితే మాత్రం నన్ను కూడా కలిపే చెప్పాలి.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. పొద్దున్నే వెళ్లండి, పెరుగుంటే కొనుక్కోండి, చీకటి పడకముందే వచ్చేయండి. గేదెల్ని విప్పమని మాత్రం అడగకండి. అడిగితే ఆయన విప్పుతాడు.