నైలాన్ తాడు మీద నార ముడి

నా చిన్నప్పుడు, ఇనుప కొండ కింద ఉన్న మా ఊళ్లో పిల్లలు రెండు రకాలు. గని కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు ఒక రకం, కాంట్రాక్టు కూలీల బస్తీలో ఉండేవాళ్లు ఇంకో రకం. మేం రెండో రకం. మా నాన్న కోంటా వైపు పల్లె నుంచి గని పనికొచ్చి, రేకుల గుడిసె వేసుకుని అక్కడే ఉండిపోయాడు. గని ఎర్రదుమ్ము మాత్రం అందరి మీదా ఒకేలా పడేది. పాపం, దానికి ఈ తేడాలు తెలియవు.

బడి అందరికీ ఒకటే. బడిలోని గైడ్స్‌లో, అంటే ఆడపిల్లల స్కౌట్ దళంలో మాత్రం అందరూ క్వార్టర్స్ పిల్లలే. అలా ఉండాలని ఎవరూ రూలు పెట్టలేదు. అడిగితే నవ్వుతూ ‘తర్వాత చూద్దాం’ అనేవారు, అంతే. ఒక ఏడాది నేను వెళ్లి అడిగితే, అప్పటి టీచరమ్మ నువ్వు యూనిఫాం కుట్టించుకోలేవు కదా అంది. మా అమ్మ ఎక్కడెక్కడో తిరిగి నీలం గుడ్డ తెచ్చి కుట్టించింది. అది తొడుక్కుని వెళ్తే, అడవిలో క్యాంపు నీకు అలవాటుండదు అంది. అడవిలో పుట్టి పెరిగిన దానికి అడవి అలవాటుండదట! ఇప్పుడైతే అక్కడే నాలుగు మాటలు అనేసి వచ్చేదాన్ని. అప్పుడు మాత్రం నాలో ఏదో లోపం ఉందని, అది నాకు తప్ప అందరికీ కనిపిస్తోందని అనుకున్నాను. ఫలానాది తప్పు అంటే దిద్దుకోవచ్చు. అసలు కారణం చెప్పకపోతే ఏం దిద్దుకోను? మనసు కుమిలిపోయేది.

మరుసటేడు విజయనగరం వైపు నుంచి కొత్త గైడ్ టీచరమ్మ వచ్చింది. జగదల్‌పూర్‌లో జరిగే గైడ్స్ ర్యాలీకి ముందు గైడ్స్‌లో ఒక్క చోటు ఖాళీ అయింది. కావాలనుకున్న ఏ పిల్లయినా రావచ్చని ఆమె ప్రార్థన దగ్గర అందరి ముందూ చెప్పింది. ముగ్గురం ముందుకొచ్చాం. ఒకమ్మాయి తండ్రి కంపెనీలో ఎలక్ట్రీషియన్. ఇంకో అమ్మాయి తల్లి ఆఫీసర్ల భార్యల సంఘానికి పెద్ద. ర్యాలీకి బస్సు ఇచ్చేది ఆ సంఘమే. సాబ్ కూతురితో నీకు పోటీ ఏమిటని మా నాన్న రాత్రి అన్నం దగ్గర గొణిగాడు. అమ్మ మాత్రం పోనియ్యమంది.

పరీక్ష ఇది. గనిలో వాడే నైలాన్ తాడు ముక్కలు రెండు, ఒకటి లావుది, ఒకటి సన్నది. వాటిని ముడేసి కలపాలి. దానికి వేసే ముడిని టీచరమ్మ ముందురోజు సాయంత్రమే ముగ్గురికీ నేర్పింది. మమ్మల్ని తరగతి గదిలో కూర్చోబెట్టి, తలా ఒక రంగు రిబ్బను ఇచ్చింది. నాది పసుపు. ముడి వేశాక తాడుకి రిబ్బను కట్టించి, మూడూ తీసుకుపోయి వరండా దూలానికి వేలాడదీసింది. ఏ రంగు ఎవరిదో, చూడడానికి వచ్చిన సంఘం ఆడవాళ్లకు చెప్పలేదు. మా మొహాలు చూస్తే తెలిసిపోతుందని తలుపు కూడా దగ్గరకు వేసింది. ముగ్గురం లేచి తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాం.

ఒక్కో తాడుకి నిండు నీళ్ల బకెట్ తగిలించారు. ఆకుపచ్చ రిబ్బను తాడు నిలబడింది. ఎర్ర రిబ్బనుది కాసేపు ఊగి, ముడి విడిపోయి బకెట్ దభాలున పడింది. ఇది ఆ బస్తీ పిల్లదే అయ్యుంటుందని సంఘం పెద్దమ్మ హిందీలో పక్కావిడతో అంది. టీచరమ్మ విననట్టే పడిన బకెట్ తీసి పక్కన పెట్టింది. నా పక్కన నిలబడ్డ ఆ పెద్దమ్మ కూతురు తల దించుకుంది. అప్పుడు మూడో బకెట్ తగిలించారు. పసుపు రిబ్బను ముడి చూస్తూ చూస్తుండగానే పాములా కదిలి జారిపోయింది. వరండా అంతా నీళ్లు.

టీచరమ్మ తలుపు తీసి, ఎవరి రంగేదో చెప్పమంది. ఎర్ర రిబ్బను తన కూతురిదని తెలిశాక ఆ పెద్దమ్మ చాలాసేపు చీర కుచ్చిళ్లు సర్దుకుంది. చోటు ఎలక్ట్రీషియన్ కూతురికి వచ్చింది. నేను ఏడుపు ఆపుకుంటూ నిలబడితే, టీచరమ్మ తాడు పట్టుకుని నా ముందు వంగింది.

“ఇది కట్టెల మోపుకి వేసే ముడి కదూ? మోపుకి కట్టే అడ్డతీగ నార గరుకుగా ఉంటుంది, ముడిని పట్టుకుంటుంది. నైలాన్ నునుపు, వదిలేస్తుంది. నీ ముడి జారింది కాబట్టి నిన్ను తీసుకోవట్లేదు. ఇంకే కారణమూ లేదు.”

నిజమే. ఆమె నేర్పిన ముడి నాకు వచ్చు. కానీ భయంలో చేతులు వాటికి అలవాటైన ముడే వేశాయి. పెద్దమ్మ కూతురికి కూడా టీచరమ్మ అదే గొంతుతో, ముడి బిగించలేదు కాబట్టి తీసుకోవట్లేదని చెప్పింది.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. చోటు దొరకలేదని చెప్పాను.

“ఏంది బిడ్డా, దొరకలేదంటవ్, మొహం చూస్తే మంచిగున్నది?”

“ముడి జారిందంట అమ్మా.”

“గంతేనా? ఇంకేం అనలేదా?”

అనలేదన్నాను. నమ్మకం కలగక అమ్మ మళ్లీ మళ్లీ అడిగి, చివరికి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అదెందుకో నాకు చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. ఆ ఏడాదంతా దొరికిన ప్రతి తాడు మీదా టీచరమ్మ నేర్పిన ముడి వేసి వేసి, పై ఏడు గైడ్స్‌లో చేరాను. గీదం మీదుగా జగదల్‌పూర్ కూడా వెళ్లొచ్చాను. ఆ ర్యాలీ ఇప్పుడు అంతగా గుర్తులేదు.

పెద్దయ్యాక ఆడపిల్లల హాస్టల్ ఒకటి చూసుకునే పని నాకు దక్కింది. సీట్లు తక్కువ, వచ్చేవాళ్లు ఎక్కువ. కొందరిని వెనక్కి పంపక తప్పేది కాదు. పంపినప్పుడల్లా కారణాన్ని ఆ పిల్లకే, మొహంలోకి చూసి చెప్పాను. చెప్పడానికి నోరు రాని కారణమైతే, సీటు ఇచ్చేశాను.