అరువు కుర్చీల రంజాన్

ఆ రోజుల్లో సాయం అడగడానికి కూడా ఒక పద్ధతి ఉండేది. ఊరికే వెళ్ళి చెయ్యి చాపితే కుదరదు. అప్లికేషను పెట్టాలి, దానికి రెండు జిరాక్సులు జతచేయాలి, ఆ తర్వాత ఇద్దరు పెద్దమనుషులు ఇంటికొచ్చి మనం నిజంగానే కష్టాల్లో ఉన్నామో లేదో చూసి పోవాలి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, పద్దెనిమిదేళ్ళ వయసులో ఆ 'చూసి పోవడం' అన్న ముక్క వింటేనే నాకు చెమటలు పట్టేవి. కష్టాలు పడటం మాకు బాగానే వచ్చు. వాటిని పద్ధతిగా చూపించడమే మా ఇంటావంటా లేదు.

విజయవాడ వన్ టౌన్‌లో బట్టల కొట్ల వెనక సందులో మా ఇల్లు. ముందొక గది, వెనకొక గది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కోపమొస్తే రెండూ. అబ్బాజాన్ టైలరు. టైలరుకి రంజాన్ నెలంటే రైతుకి కోతల రోజుల్లాంటిది, ఏడాది తిండి అప్పుడే ఇంటికి చేరాలి. ఆ ఏడు సరిగ్గా రంజాన్ మొదలయ్యే నెలవంక కనిపించడానికి నాలుగు రోజుల ముందు ఆయన సైకిలు మీంచి పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రెండు నెలలు మిషను ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పేసిన రోజున అమ్మీ ఏడవలేదు గానీ, సాయంత్రందాకా ఆ దుప్పటి అంచులు సర్దుతూనే ఉంది. నా వెనక ఇద్దరు చెల్లెళ్ళు. ఊళ్ళో పిల్లలందరికీ పండగ బట్టలు కుట్టే ఇంట్లో పండగపూట పాతబట్టలేనా అన్నది అందరి మనసుల్లోనూ ఉంది. పైకి అన్నది మాత్రం చిన్నదే, అక్కనని నాతో. "ఆపా, ఈసారి మనకి పండగ లేదా?" అంది. ఏం చెప్పాలో తెలియక "ఎందుకు లేదే, నేను లేనూ?" అనేశాను. (చేతిలో ఏమీ లేనప్పుడే నాకు అలాంటి ధైర్యాలు వస్తుంటాయి.)

నేనప్పుడు ఒక ఎస్టీడీ బూతులో పనిచేసేదాన్ని. బూతులోనే ఒక మూల జిరాక్సు మిషను. బట్టల వ్యాపారులు కొందరు ఒక సంఘం పెట్టుకున్నారనీ, ఇబ్బందుల్లో ఉన్న ఇళ్ళకి ఎవరి పండగకి వాళ్ళకి, దసరాకీ క్రిస్మస్‌కీ రంజాన్‌కీ, బట్టలూ సరుకులూ ఇస్తున్నారనీ ఆ మిషను దగ్గరే తెలిసింది. దస్తూరీ బాగుంటుందని ఊరందరి ఫారాలూ నాచేతే నింపించుకునేవాళ్ళు. ఒక్కొక్కటి పది నిమిషాల్లో నింపేసే నేను, మా ఇంటి ఫారానికి మాత్రం మూడు రోజులు తీసుకున్నాను. 'కుటుంబ పరిస్థితి' అన్నచోట నాలుగు చుక్కల గీతలుంటే, చాలక రెండు తెల్లకాగితాలు జతచేశాను. "మా గృహమున కూర్చుండుటకు ఒక్క కుర్చీ అయినను లేదు. టీవీ అనునది లేదు. అతిథికి టీ ఇచ్చుటకు జత కప్పులైనను లేవు" అని దంచేశాను. (అన్నీ నిజాలే. గ్రాంథికం ఎందుకంటే, కష్టాన్ని మామూలు భాషలో చెబితే బరువు చాలదని అప్పట్లో నా గట్టి నమ్మకం.)

వారం తిరక్కుండానే బూతుకి ఫోనొచ్చింది. "రేపు నాలుగింటికి మీ ఇంటికొస్తామమ్మా" అన్నారు. ఇంటికి పరిగెత్తి చెప్పాను. అబ్బాజాన్ కట్టు కట్టిన చేతివైపు చూసుకున్నారు. అమ్మీ అడిగిన మొదటి ప్రశ్న, "టీ తాగుతారా, కాఫీయా?" అని.

"అమ్మీ, వాళ్ళు చుట్టాలు కాదు. విచారణకొస్తున్నారు. ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంచు. ఏమీ సర్దకు, నీకు దణ్ణం పెడతాను."

"అలాగేలే."

ఆ 'అలాగేలే'ని నమ్మి నేను మర్నాడు పనికి వెళ్ళకుండా ఉండాల్సింది. పర్మిషను పెట్టి నాలుక్కి పది నిమిషాలుండగా వచ్చి చూద్దును కదా, గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. ఇల్లు తప్పొచ్చానేమో అనుకున్నాను. ముందు గదిలో రెండు పేము కుర్చీలు! కుట్టుమిషను మీద దుప్పటి, దుప్పటి మీద లేసు గుడ్డ, లేసు గుడ్డ మీద టీవీ! పళ్ళెంలో బంగారు అంచు కప్పులు, సాసర్లతో సహా. రోజా ఉపవాసం ఉన్న అమ్మీ, తను మంచినీళ్ళు కూడా ముట్టకుండా, వచ్చేవాళ్ళకోసం గారెలు వండి మూతపెట్టింది. మా అబ్బాజాన్ పెళ్ళినాటి శాలువా కప్పుకుని, కట్టు కట్టిన చెయ్యి అందులో దాచుకుని, నవాబుగారిలా కూర్చునున్నారు.

"అమ్మీ! ఏంటిదంతా?"

"పెద్దవాళ్ళు మన గడప తొక్కుతుంటే చాప మీద కూర్చోబెడతామా? మా పుట్టింటివైపు, పామర్రులో తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తారు."

"మనకేం లేదో చూడ్డానికే వస్తున్నారమ్మీ!"

"లేదని తెలిసే కదా వస్తున్నారు. మళ్ళీ చూపించడమెందుకు?"

నేను టైము చూసుకున్నాను. "అయినా ఎంతసేపే, అయిదింటిదాకానే అడిగాను. అయిదవగానే ఎవరివి వాళ్ళకిచ్చేస్తా" అని ధైర్యం కూడా చెప్పింది.

నాలుగైంది. నాలుగున్నరైంది. వాళ్ళ జాడ లేదు. కుర్చీలైనా తీసేద్దామని నేను లేవడం, "ఇప్పుడే వచ్చేస్తారు" అని అమ్మీ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టడం. చివరికి అయిదుకి అయిదు నిమిషాలుండగా వచ్చారు. తెల్ల పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు, చంకలో ఫైలుతో కుర్రాయన ఒకరు. "ఆలస్యమైందమ్మా, ఏమీ అనుకోకండి. దారిలో రైలుగేటు పడింది" అంటూ పెద్దాయన పేము కుర్చీలో కూర్చున్నారు. ఫైలాయన రెండో కుర్చీలో కూర్చుని, గొంతు సవరించుకుని, నా రచన పైకి చదవడం మొదలెట్టాడు. "కూర్చుండుటకు ఒక్క కుర్చీ అయినను..." అని ఆగి, తన కిందికి చూసుకున్నాడు. "టీవీ అనునది..." అని ఆగి, ఎదురుగా చూశాడు. మూడో వాక్యం చదవబోయేసరికి అమ్మీ చేతికి కప్పందించింది. భూమి బద్దలైతే బాగుండుననిపించింది నాకు.

"ఇంట్లో ఇబ్బందులేమైనా ఉన్నాయామ్మా?" పెద్దాయన నెమ్మదిగా అడిగారు.

"ఏం ఇబ్బందులండీ, అల్లా దయవల్ల అంతా బాగానే ఉంది. గారె తీసుకోండి."

"మీకు చెయ్యి విరిగిందని రాశారూ?"

"అబ్బే, రెండ్రోజుల్లో మిషనెక్కేస్తానండీ" అన్నారు అబ్బాజాన్ శాలువాలోంచి.

ఫైలాయన పెన్నుకి మూత పెట్టేశాడు. వెనక గది తలుపు సందులోంచి చిన్నది నాకేసి చూస్తోంది. దానికిచ్చిన మాట గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక అయిపోయింది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు అయిదైంది. ఎదురింటి టీచరుగారు గుమ్మంలోంచే, "వదినగారూ, ట్యూషన్ పిల్లలొచ్చేశారండీ, మరి కుర్చీ..." అంటూ వచ్చి, మనుషుల్ని చూసి నాలిక్కరుచుకున్నారు. ఫైలాయన నిప్పుల మీంచి లేచినట్టు లేచాడు. ఆవిడ ఒక కుర్చీతో బయటికి వెళ్తుంటే పక్కింటి ఆటో చాచా లోపలికొచ్చాడు. "భాభీ, మ్యాచ్ మొదలైపోతోంది, ఏమనుకోవద్దు" అని టీవీ ఎత్తేశాడు. వైరు కాళ్ళకడ్డం పడుతుంటే పాపం ఫైలాయనే పట్టుకుని గుమ్మందాకా సాగనంపాడు. టీవీతో పాటు లేసూ దుప్పటీ జారిపోయి, నెలరోజులుగా తిరగని మా కుట్టుమిషను బయటపడింది. పెద్దాయన దాన్నే చూస్తూ ఉండిపోయారు. ఇంతలో మేడమీద ఉండే మామ్మగారి కేక, మెట్ల మీంచి, "అమ్మాయ్, కప్పులు కడక్కపోయినా పర్లేదు పంపించెయ్, మా ఆయన టీ టైమైంది!"

పెద్దాయన మిగిలిన టీ గబగబా తాగేసి, కప్పు ఆయనే పళ్ళెంలో పెట్టారు. లేచి, రెండో కుర్చీ కూడా మళ్ళీ వచ్చిన టీచరుగారికి అందించి, వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. అమ్మీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

"చాపే హాయిగా ఉందమ్మా. ఆ కుర్చీలో నడుం పట్టేసింది. ఇంతకీ గారెలు మీవేనా, వాటికోసం కూడా ఎవరైనా వస్తారా?"

అమ్మీకి నవ్వాగలేదు. "గారెలు మావేనండీ!" అంది. ముందు ఆమె, తర్వాత అబ్బాజాన్, ఆపైన అందరం పగలబడి నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ అబ్బాజాన్ శాలువా తీసి పక్కన పెట్టేశారు.

"రాయవయ్యా" అన్నారు పెద్దాయన.

"ఏం రాయమంటారండీ?" అన్నాడు ఫైలాయన అయోమయంగా.

"ఆ అమ్మాయి రాసిందే రాయి, ఒక్క ముక్క మార్చకు. గ్రాంథికం మాత్రం తీసెయ్."

నాలుగో రోజున మూట వచ్చింది. బియ్యం, సేమియా, పంచదార, నెయ్యి, పిల్లల గౌన్లకి పువ్వుల గుడ్డ. మిషను మీద దుప్పటి తీసేశాం. అబ్బాజాన్ పక్కన కూర్చుని ఎడంచేత్తో సుద్దగీతలు గీస్తుంటే నేను కత్తిరించి కుట్టాను. చిన్నదాని గౌనుకి ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి. అయినా పండగ రోజు అది ఆ గౌనేసుకుని సందులో నాలుగు చుట్లు తిరిగొచ్చింది. దాన్ని చూస్తుంటే నెలరోజుల బరువు గుండెల మీంచి దిగిపోయింది.

ఆ రోజు మొదటి కప్పు షీర్ ఖుర్మా, అదే మా పండగ సేమియా పాయసం, పెద్దాయన బట్టల కొట్టుకి పంపింది అమ్మీ. (ఆ కప్పు మళ్ళీ మామ్మగారిదే.) నేనే తీసుకెళ్ళాను. రెండు సందులు దాటితే ఆయన కొట్టు. ఖుర్మా తొణక్కుండా నడిచినా అయిదు నిమిషాలు పట్టలేదు. దారి పొడుగునా వెతికాను గానీ, ఎక్కడా రైలుగేటన్నదే లేదు. "తాతగారూ, ఆ రోజు ఏ గేటు పడిందండీ?" అనడిగాను. ఆయన చెంచాతో ఖుర్మా తింటూ, "చాలా ఇళ్ళు చూశానమ్మా. నాలుగింటికొస్తామంటే, కుర్చీలు అయిదింటిదాకానే ఉంటాయి" అన్నారు.

ఇప్పుడు నేను టీచరుగా పనిచేసే మా స్కూలు తరపున పండగలకి ముందు ఆ పనిమీద ఇళ్ళకి తిరిగేది నేనే. పక్కింటి చీర కట్టుకుని, ఎదురింటి కప్పుల్లో టీ పోసి, "మాకేం ఇబ్బందుల్లేవండీ" అనే అమ్మల్ని ఎంతమందిని చూశానో. ఏ ఇంటికీ చెప్పిన టైముకి వెళ్ళనని మా హెడ్మాస్టరుగారు ఇప్పటికీ విసుక్కుంటారు. నేనేం చేయనండీ, దారిలో గేటు పడుతుంది.