అక్క బొమ్మలో మూసిన తలుపు

గండికోట చూసొస్తానని అమ్మతో చెప్పాను గానీ, నిజానికి నేను డోన్‌లో బస్సెక్కింది అక్క కోసం. అక్కకు కొడుకు పుట్టి ఏడు నెలలు. ఈమధ్య తను వేసిన బొమ్మ ఒకటి ఫోన్లో పంపింది. పెరట్లో మూసిన తలుపు, అరుగు మీద గోడవైపు తిరిగి ఒంటరిగా రొట్టె తింటున్న ఆడమనిషి. ఒంటిమీద నేను అక్కకు కొనిపెట్టిన ఆకుపచ్చ గళ్ల చీర. అత్తింటివాళ్లు అక్కను బయట కూర్చోబెట్టి తిండి పెడుతున్నారనిపించింది. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. వారం రోజులు నాకు అన్నం సయించలేదు.

ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి, బనగానపల్లెలో బస్సు మారి, కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు చేరేసరికి ఒంటిగంట కావచ్చింది. గండికోట దారిలో ఉన్న అక్క ఊరికి షేర్ ఆటోలో ముప్పై రూపాయలు. "ఈ ఎండలో యాడికప్పా?" అన్నాడు డ్రైవరు. అక్క ఇంటికని చెబితే, వట్టి చేతులతోనా అని బండి ఆపి మరీ అరటిపండ్లు కొనిపించాడు. పోట్లాటకు పోతున్నవాణ్ణి, పండ్లు పట్టుకుని దిగాను.

వీధి తలుపు వేసి ఉంది. ఇంటి చుట్టూ తిరిగి పెరట్లోకి వెళ్లాను. అరుగు మీద అదే చీర, అదే వీపు, చేతిలో జొన్నరొట్టె. "అక్కా!" అని అరిచాను. తిరిగి చూసింది అక్క అత్తగారు. లోపల పిల్లవాడు గుక్కపట్టి ఏడుపు అందుకున్నాడు.

"వీళ్లిద్దరూ పండుకోనుండారని తలుపేసినా నాయనా. ఎందుకట్ల అరుస్తాండావు?" అందామె.

రాత్రంతా పిల్లవాడు అక్కను నిద్రపోనివ్వడట. అందుకని మధ్యాహ్నం తల్లీబిడ్డల్ని పడుకోబెట్టి, ఆమె బయట తాపీగా తింటుందట. చీర మెత్తగా ఉందని అక్కే ఇచ్చిందట. నిద్రపట్టని ఒకరోజు అక్క ఆమె బొమ్మ వేస్తానంటే, నా మొహం వద్దు తల్లీ అని గోడవైపు తిరిగిందట. ఫోన్ పెట్టేసేది కూడా పిల్లవాడు లేస్తాడనే. నా అనుమానం, ఏడుపుకు లేచొచ్చిన అక్క చెవిలో చెబితే నెత్తిన ఒక్క మొట్టికాయ వేసింది. గుండెల మీంచి బండ దించినట్టయింది. కళ్లు చెమర్చాయని ఎవరికీ తెలియకుండా తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను.

ఎవరైనా ఒంటరిగా కూర్చుంటే దిగులుగా ఉన్నారనుకోవడం నాకు అలవాటు. ఆ ఒక్క గంట కోసం ఆమె పొద్దుటి నుంచీ ఎదురుచూస్తుందని తెలిశాక, దాన్ని చెడగొట్టినందుకు సిగ్గేసింది. ఆమె మాత్రం నా చేతిలోనూ ఒక రొట్టె పెట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. మీరూ ఎప్పుడైనా గండికోట చూడ్డానికి వెళ్తే, జమ్మలమడుగులో దిగగానే తిరుగు బస్సుల వేళలు కనుక్కోండి. ఆ దారిలో ఎవరింటికైనా వెళ్లేట్టయితే, నన్ను సాగనంపుతూ ఆమె చెప్పిందే మీకూ చెబుతాను: "మళ్ల వచ్చేటప్పుడు మూడు దాటినాక రా నాయనా."