చేమాకు సాక్ష్యం

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది వానాకాలంలో, పంజాగుట్టలోని ఒక ఆసుపత్రి కిడ్నీ విభాగం నన్ను ఇంటి డయాలసిస్ రోగుల పర్యవేక్షణకు వేసింది. అప్పటికి నేను సీనియర్ స్టాఫ్ నర్సును. ఈ పద్ధతిలో మెషీన్ ఉండదు. సంచిలోని ద్రావణాన్ని గొట్టంతో పొట్టలోకి ఎక్కించి, కొన్ని గంటలాగి దించేస్తారు. ఒంట్లోని అదనపు నీరు దానితోపాటు బయటికి రావాలి. తాగే నీళ్లకు మాత్రం గట్టి హద్దు ఉంటుంది.

అమీర్‌పేటలో యాదగిరి అనే టైలరుకు బరువు పెరుగుతూ పోయింది, కాళ్లు ఉబ్బాయి. బరువు పెరిగిందంటే రోగి దొంగచాటుగా నీళ్లు తాగుతున్నాడని తేల్చెయ్యడం మా విభాగానికి పట్టిన జబ్బు. డాక్టరు అతని భార్య పద్మతో ఆ మాటే అన్నాడు. ఆమె వంటగదికి తాళం వేసింది.

పొద్దున్నే సంచి మార్చే వేళకు వెళ్లాను. వరండాలో, స్లాబు కింద, తొట్టిలో చేమ మొక్క ఉంది.

"చెట్టుకు పోస్తనని బాత్రూం నల్లా కాడ చెంబు నింపుకపోతడు సిస్టర్. మొత్తం ఆయనే తాగుతుండు," అంది పద్మ.

"నేనెట్లాగూ తాగొద్దాయె, అదన్న తాగనీ అని పోసిన. నా బిడ్డ మీద ఒట్టు," అన్నాడు యాదగిరి. ఆమె మొహం తిప్పుకుంది.

చేమాకుల కొసల నుంచి బొట్లు జారుతున్నాయి. అక్కడ వాన పడదు. మంచు అయితే ఆకంతా తడవాలి. రాత్రిపూట వేళ్లు పీల్చిన నీరంతా ఆవిరైపోదు; మిగిలింది ఆకు కొసనున్న సన్నని రంధ్రాల్లోంచి ఇలా కారుతుంది. మట్టి ఎండితే కారదు. వేలు పెట్టి చూస్తే తొట్టి చిత్తడిగా ఉంది. ఆ నీళ్లు చెట్టే తాగిందని పద్మకు చెప్పాను.

సంచులు తూచే వాళ్ల కొక్కెం త్రాసు ఎప్పుడో చెడిపోయింది. దింపిన సంచిని కంటితో చూసి సరేననుకుంటున్నారు. నా త్రాసుతో తూచాను. ఎక్కించినదానికంటే తక్కువే బయటికొచ్చింది. నీటిని వడకట్టే పొట్టలోని పొర పాడై, నీరు ఒంట్లోనే నిలిచిపోతోంది. మా విభాగం మీద నాకు ఒళ్లు మండింది.

వెంటనే మెషీన్ డయాలసిస్‌కు మార్చారు కానీ, అప్పటికే గుండె దెబ్బతింది. బతుకమ్మకు ముందే యాదగిరి పోయాడు. మిగిలిన సంచులు తిరిగివ్వడానికి పద్మ ఆసుపత్రికి వచ్చింది.

"మీరొచ్చే ముందు రాత్రి జర నోరు తడుపుకుంటనని బతిమాలిండు సిస్టర్. నేను తాళం తియ్యలే," అంది.

రిటైరయ్యేదాకా నా కింది నర్సులకు ఒక్కటే చెప్పాను. బరువు పెరిగితే ముందు దింపిన సంచిని తూచండి. మనిషిని అడగడం ఆ తర్వాత.